గుంజే రీలు కాదు, వదిలే రీలు

కొత్తగూడెం బస్టాండు వెనక సందులో చేపల వేట సామాన్లు అమ్మే కొట్టు ఒకటుండేది. ఇప్పటికీ ఉంది, నేను లేను. ఉద్యోగ జీవితమంతా ఆ కౌంటరు వెనకే గడిపి రిటైరయ్యాను. ప్రైవేటు కొట్టులో రిటైర్మెంటుకు శాలువాలు, పూలదండలు ఉండవు. "రేపటి నుంచి మా అల్లుడు కూర్చుంటాడండీ" అంటాడు యజమాని. అంతటితో సభ ముగిసినట్టే. శాలువా కంటే ఇదే నయం. ఉతికే పని ఉండదు.

నేను జంతుశాస్త్రంలో డిగ్రీ చదివాను. చేప గుండెకు రెండు గదులే ఉంటాయని కాలేజీలో చెప్పారు. ఆ విషయం నన్ను ఏ గిరాకీ ఎన్నడూ అడగలేదు. అడిగిందల్లా ఒక్కటే: "దీంట్ల పెద్దది ఉన్నదా?"

యజమాని అల్లుడు బుద్ధిమంతుడే. ఆ అబ్బాయికీ, అలాంటి కొట్లలో కొత్తగా చేరే మరికొందరికీ పనికొస్తాయని ఈ నాలుగు సంగతులు రాస్తున్నాను. సామాన్ల ధరలు, కంపెనీల పేర్లు రాయడం లేదు. అవి రోజూ మారతాయి. మనుషులు మాత్రం పెద్దగా మారలేదు, నేను కొంత కాలం ఎదురుచూశాను కూడా.

ఎన్ని హెచ్‌పీ?

తెలియని వాళ్ళ కోసం ముందుగా ఒక మాట. రీలు అంటే వేట రాడ్డుకు బిగించే చక్రం. తంగూసు, అంటే గాలం కట్టే నైలాను దారం, దానికి చుట్టుకుని ఉంటుంది. విసిరితే వదులుతుంది, పిడి తిప్పితే చుట్టుకుంటుంది. లోపల ఒక బ్రేకు ఉంటుంది. చేప మరీ బలంగా లాగితే తంగూసు తెగిపోకుండా ఆ బ్రేకు కాస్త జారి దారం వదులుతుంది. రీలుకున్న తెలివంతా ఆ బ్రేకులోనే ఉంది. మిగతాదంతా రంగు.

మా వైపు రీలు కొనేవాళ్ళు రెండు రకాలు. మొదటి రకం బోరు మోటార్ల రైతులు. అశ్వారావుపేట నుంచి పామాయిలు తోటల ఆసాములు బండ్లేసుకుని వచ్చేవారు. రీలు చేతిలోకి తీసుకుని బరువు చూసి, అటూ ఇటూ తిప్పి, మొదటి ప్రశ్న వేసేవారు.

"ఇది ఎన్ని హెచ్‌పీ?"

మొదట్లో నవ్వేవాణ్ణి. తర్వాత మానేశాను, ఎందుకంటే వాళ్ళు నవ్వలేదు. నేలలోంచి నీళ్ళు పైకి లాగే యంత్రానికి గుర్రపు శక్తి ఉన్నప్పుడు, నీళ్ళలోంచి చేపను పైకి లాగే యంత్రానికి ఉండదా? తర్కంలో లోపం లేదు. లోపం ఉన్నది తర్కం మొదలైన చోట. రీలు లాగేది కాదు. లాగేది రాడ్డు, రాడ్డును పట్టుకున్న మనిషి. రీలు చేసే పని వదలడం, ఆగడం, మళ్ళీ వదలడం. ఇది చెప్తే, "లాగని దానికి గింత ధరేంది?" అనేవారు.

రెండో రకం బొగ్గుబావుల వాళ్ళు. వాళ్ళకు యంత్రాలు తెలుసు. అందుకని వాళ్ళు రీలును ఇంటికి తీసుకుపోయి, విప్పి, బ్రేకు తీసేసి, మళ్ళీ బిగించి, మిగిలిన రెండు చక్రాలు పొట్లం కట్టి తెచ్చేవారు. "ఇవి అక్కర్లేకుండనే నడుస్తుంది సార్, కంపెనోళ్ళు ఎక్కువ పెట్టిండ్రు."

అడవి పల్లెల నుంచి వచ్చేవాళ్ళు వేరు. వాళ్ళు గాలాలు, తంగూసు మాత్రం కొనేవారు. గాజు బీరువాలోని రీళ్ళను కాసేపు చూసి, కోయ భాషలో ఏదో అనుకుని, హాయిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. ఏమన్నారో నేను ఎవరినీ అడగలేదు. అర్థమైనట్టే అనిపించేది.

మా సేటు సిద్ధాంతం

యజమానిని అందరం సేటు అనేవాళ్ళం. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మనిషి మంచివాడు. జీతం ఆలస్యం చేసినా అడిగితే బాధపడేవాడు, ఆ బాధ చూసి మనమే ఊరుకునేవాళ్ళం. నన్ను పేరుతో పిలిచేవాడు కాదు.

"ఏమయ్యా డిగ్రీ, రీలు ఎవరికి ఏది ఇవ్వాలో ఎలా తెలుస్తుంది?"

"ఏ చేప పట్టాలో అడగాలండీ."

"చెప్పులు చూడాలయ్యా. చెప్పులు చూస్తే రీలు తెలుస్తుంది."

ఇదీ ఆయన సిద్ధాంతం. బూట్లకు పై అర, తోలు చెప్పులకు మధ్య అర, హవాయి చెప్పులకు కింది అర. చేప సంగతి చేప చూసుకుంటుంది. నిజం చెప్పాలంటే, అమ్మకాల వరకు ఆయన పద్ధతి నా పద్ధతి కంటే బాగా పనిచేసింది. చేపల వరకు మాత్రం పనిచేయలేదు. కాకపోతే చేపలు కొట్టుకు వచ్చి ఫిర్యాదు చేయవు కదా.

ఒకసారి భద్రాచలం నుంచి ఒక ఫిజిక్సు లెక్చరరు వచ్చాడు, బూట్లతో. గోదావరిలో వాలుగ పట్టాలన్నాడు. వాలుగ పొడవాటి చేప, పెద్ద నోరు. తగిలితే ఆగకుండా ప్రవాహం వెంట పోతుంది. దానికి చాలా దారం పట్టే రీలు కావాలి, మెత్తగా జారే బ్రేకు కావాలి. నేను అలాంటిది తీశాను. ఆయనకు పక్కనున్న చిన్నది నచ్చింది. అది కొర్రమీను కోసం చేసిన రీలు. మెరుస్తోంది, వేగంగా తిరుగుతోంది, దారం మాత్రం తక్కువ పడుతుంది. నేను చెప్పబోతే బలం, వేగం, కోణం అంటూ కౌంటరు మీదే లెక్క వేసి చూపించాడు. లెక్క కరెక్టే. వాలుగ ఆ లెక్క చదువుకోలేదు. దారం అంతా తీసుకుంది, అయిపోయాక రాడ్డు కూడా తీసుకుంది. ఆయన మర్నాడు వచ్చి గ్యారంటీ ఉందా అని అడిగాడు.

"సామాను తీసుకొస్తే చూస్తామండీ" అన్నాడు సేటు, ఎంతో మర్యాదగా.

చేప గుణం

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు. ఇష్టం లేనివాళ్ళు దాటేయవచ్చు, నేను క్లాసులో అదే చేసేవాణ్ణి.

కొర్రమీను గడ్డిలో, తామరాకుల కింద పొంచి ఉంటుంది. రబ్బరు కప్పను ఎరగా కట్టి నీటి మీద గెంతిస్తూ లాగితే పైకొచ్చి కొడుతుంది. తగిలిన క్షణమే గడ్డిలోకి తిరుగుతుంది. దానికి జానెడు దారం వదిలినా చేతికి దక్కేది గడ్డి మోపే. అందుకని బ్రేకు బిగించాలి, వేగంగా చుట్టే రీలు ఉండాలి, చేతులు రెండూ బాగా ఆడాలి. చేప తినే మృగశిర కార్తె దగ్గర పడితే జిల్లాలో ప్రతి మగవాడికీ కొర్రమీను తనే పట్టగలనన్న నమ్మకం కలుగుతుంది. ఆ వారం మా కొట్లో నిలబడే చోటు ఉండేది కాదు. కార్తె రోజున అదే మనుషులు సంచులు పట్టుకుని చేపల మార్కెట్లో కనిపించేవారు. ఒకరినొకరు చూడనట్టు నడిచేవారు.

బొచ్చె అలా కాదు. పెద్ద తల, పెద్ద నోరు, మెత్తటి పెదవి. తవుడు, పల్లి చెక్క కలిపి ముద్ద చేసి గాలాల మీద అద్ది వేయాలి. తర్వాత కూర్చోవాలి. బాగా కూర్చోవాలి. అది వచ్చి ముద్దను మెల్లగా పీలుస్తుంది, తగిలిందని తెలియగానే చెరువు నడిమికి పరుగు తీస్తుంది. అప్పుడు వదలాలి. బిగించి గుంజితే పెదవి చిరిగి గాలం ఊడి వస్తుంది. బలం ఎక్కువైన వాళ్ళకు బొచ్చె దొరకదు. మా వైపు మగవాళ్ళకు ఈ వాక్యం అర్థం చేయించడానికే నా ఉద్యోగమంతా అయిపోయిందని చెప్పవచ్చు.

చేపను బట్టి రీలు ఇవ్వాలి. ఇది మొదటి పాఠం. రీలు పట్టే మనిషిని బట్టి చేపను కూడా ఎంచాలి. ఇది రెండోది. దాన్ని నాకు నేర్పిన మనిషి రాజలింగం.

కారులో కూర్చున్న మనిషి

ఒకరోజు పొద్దున్నే కొట్టు ముందు తెల్ల కారు ఆగింది. ఒక ఆసామి దిగాడు. పేరు శ్రీశైలం, అశ్వారావుపేట దగ్గర పామాయిలు తోట. వెనకే వాళ్ళ అక్క సుగుణమ్మ దిగింది. కారులో వెనక సీట్లో ఒకాయన అద్దం దించుకుని కూర్చున్నాడు. ఆయనే సుగుణమ్మ భర్త రాజలింగం. బొగ్గుబావిలో హాలేజీ ఇంజను నడిపాడు. అంటే బొగ్గు తొట్లను ఇనుప తాడుతో ఏటవాలు దారిలో పైకి లాగే, కిందికి వదిలే ఇంజను. రిటైరయ్యాక జూలూరుపాడులో ఇల్లు కట్టుకున్నారు. చెరువు దగ్గర్లోనే. రోజూ గాలం వేసేవాడు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కర్ర ఊతంతో నాలుగడుగులు వేస్తాడు, మాట నెమ్మదిగా వస్తుంది.

శ్రీశైలం కొట్టంతా తన తోటే అన్నట్టు నిలబడ్డాడు.

"మా బావకు రీలు గావాలె. అన్నిట్ల పెద్దది. పైసల సంగతి వదిలెయ్యి."

ఆ చివరి మాట విన్నప్పుడు సేటు ముఖంలో వచ్చిన కాంతిని నేను వర్ణించలేను. గాజు బీరువా పై అరలో ఒక మోటారు రీలు ఉండేది. సముద్రంలో లోతు చేపలకు వాడేది. మీట నొక్కితే అదే చుట్టుకుంటుంది, విడిగా బ్యాటరీ పెట్టాలి. ఏ ఘడియలో తెప్పించాడో గాని, కొట్లో నాకంటే సీనియరు అదే. సేటు స్వయంగా దించి, కండువాతో దుమ్ము తుడిచాడు.

"ఇదండీ సరుకంటే. చెయ్యి కదపక్కర్లేదు. వేలు పెడితే చాలు."

"అవ్, గిదే గావాలె" అన్నాడు శ్రీశైలం. "బావ వేలు పెడ్తడు, మిగిలింది మిషిను జూస్కుంటది. ఏమంటవక్కా?"

సుగుణమ్మ కారు వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి నాతో చెప్పింది.

"డాక్టరు సారు ఎడమ చేతిని వాడుమంటుండు, బయటికి దీస్కపొమ్మంటుండు. ఈయనేమో టీవీ రిమోటు గూడ నాకే ఇస్తుండు. తినవెట్టుమంటడు. అన్నీ నేనే చేస్తే, ఇగ ఈయనెందుకు ఉన్నట్టు? గట్ల అని ఆయనే అంటుండు సారూ."

ఆమె ఏడవలేదు. ధర అడిగినంత మామూలుగా చెప్పింది. అందుకే నాకు గట్టిగా తగిలింది.

రీలు ఎవరికో ఆ మనిషిని ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. బయటికి వెళ్ళి కారు దగ్గర నిలబడ్డాను.

"ఏ చేప పట్టాలనుకుంటున్నారు?"

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. నెమ్మదిగా అన్నాడు. "బొచ్చె."

"చుట్టేదెవరు?"

"నేను."

"మోటారు రీలు చూపిస్తున్నారు లోపల."

"మీట గుంజుడు… నౌకరి అంత గదే జేసిన." కాస్త ఆగాడు. "చేపను గూడ… ఇంజనే పడితే… నేనెందుకు వోవుడు?"

లోపలికి వెళ్ళి మధ్య అరలోంచి ఒక రీలు తీశాను. చూపుకు మామూలుగా ఉంటుంది. పిడిని ఎడమ పక్కకు మార్చుకోవచ్చు. దాని సుగుణం అది కాదు. దానికి రెండు బ్రేకులు. వెనక చిన్న మీట వేస్తే చేప ఎంత లాగితే అంత వదులుతూ టకటక చప్పుడు చేస్తుంది. పిడి ఒక్కసారి ముందుకు తిప్పితే చాలు, మీట దానంతటదే పడిపోయి అసలు బ్రేకు పట్టుకుంటుంది. అన్నిటికీ ఒక్క చెయ్యి చాలు. రాడ్డు పట్టుకోవడానికి కుర్చీకి ఒక పైపు ముక్క బిగిస్తే సరి.

పిడి ఎడమకు మార్చి ఆయన ఒళ్ళో పెట్టాను. ఎడమ చేత్తో తిప్పాడు. ఆగాడు. వెనక మీట వేశాడు, దారం లాగి చప్పుడు విన్నాడు. మళ్ళీ తిప్పాడు. వెనక్కి ఇవ్వమని చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"ఇదే ఇయ్యండి" అంది సుగుణమ్మ, నా వెనక నుంచి.

"గింత చిన్నదా?" శ్రీశైలానికి నిజంగానే బాధేసింది. "చెరువు కాడ నలుగురు జూస్తె ఏమనుకుంటరు? బామ్మర్ది తోట మీద గింత సంపాదించి, బావకు పోరగాండ్ల సామాను కొనిచ్చిండంటరు."

"గప్పుడు నా పేరు జెప్పు" అంది ఆమె.

కారు వెళ్ళిపోయాక సేటు మోటారు రీలును మళ్ళీ పై అరలో పెట్టాడు. చాలాసేపు దానివైపే చూశాడు. "నువ్వు చదువుకోకుండా ఉంటే బాగుండేదయ్యా డిగ్రీ" అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో నాకొచ్చిన ప్రశంసాపత్రం అదొక్కటే.

పట్టకారు గాట్లు

పది రోజులు కూడా కాలేదు. సుగుణమ్మ ఒక్కతే బస్సు దిగి వచ్చింది. సంచిలోంచి రీలు తీసి కౌంటరు మీద పెట్టింది.

"వాపసు దీస్కోండి సారూ. ఆయన ఇగ వోనన్నడు."

"రీలు బాగాలేదా?"

"రీలుకేమైంది, బంగారమసొంటిది. మా తమ్ముడే బాగలేడు."

మంచినీళ్ళిచ్చాను. తాగి చెప్పింది.

"ఆదివారం పొద్దుగాల చెరువు మీదికి వోయినం. మా తమ్ముడు కారేస్కొని వచ్చిండు, ఇద్దరు దోస్తులను గూడ తెచ్చిండు. కుర్చేసినం, పైపు గట్టినం. ముద్ద నేను పిసికిన, గాలాలకు ఈయనే అద్దిండు, ఒక్క చేత్తోని. విసిరిండు గూడ. నేను జూసిన గద, ముఖం గట్ల వెలిగి ఏడాదాయె. గంట కూసున్నం. టకటకమని మోగింది. ఈయన చెయ్యి ఇట్ల పిడి మీద పెట్టిండో లేదో, మా వాడు ఉరికొచ్చిండు. 'బావా నువ్వు ఆగు, నువ్వు ఆగు' అనుకుంట రాడ్డు గుంజుకున్నడు. బ్రేకు జారుతుందని పట్టకారుతోని బిగించిండు. ఇద్దరు దోస్తులు, వీడు, ముగ్గురు గలిసి బోరుల పడ్డ మోటారును దీసినట్టు గుంజిండ్రు. ఏమొస్తది? పెదవి ముక్క వచ్చింది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆమె ఆపుకోమనలేదు, కానీ కథ అయిపోలేదు.

"గక్కడితోని ఆగితే బాగుండు. తిరిగొస్తాంటె మార్కెట్ల కారాపి పెద్ద బొచ్చె కొన్నడు. ఇంటికొచ్చినంక ఈయన ఒళ్ళె పెట్టి ఫోటో దీసిండు. దవడకు సుతిలి తాడు అట్లనే ఉన్నది సారూ, మీద ఐసు ముక్క గూడ ఉన్నది. మా ఖాన్‌దాన్ గ్రూపుల పెట్టిండు, 'మా బావ పట్టిండు' అని. ఒకటే ఫోన్లు. మా పెద్దాడపడుచు హన్మకొండ నుంచి చేసి, అన్నా నువ్వు మళ్ళ మనిషివైనవే అని ఏడ్చింది. ఈయనేం జెప్తడు? ఫోను నాకిచ్చి లోపలికి వోయిండు. ఆ కూర ముట్టలేదు."

"మీ తమ్ముడికి తెలుసా?"

"వాడు బాగనే చేసిననుకుంటుండు. ఉగాదికి మోటారు రీలు కొంటడట. మనసు మంచిది సారూ వానిది. గదే కష్టం."

రీలు విప్పి చూశాను. బ్రేకు బిగించే మర మీద పట్టకారు గాట్లు వరసగా పడి ఉన్నాయి. లోపల బ్రేకు బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇంత చిన్న యంత్రం మీద ఇంత అభిమానం చూపిన వాళ్ళను నేను అంతకుముందు చూడలేదు.

వాపసు రాసుకోమన్నాడు సేటు. నేను రాయలేదు. మంగళవారం నాకు సెలవు. ఆ రోజు రీలు, కొత్త బ్రేకు బిళ్ళలు సంచిలో వేసుకుని జూలూరుపాడు బస్సెక్కాను. "అమ్మిన సరుకు వెంట ఇంటికి పోయేవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా" అన్నాడు సేటు. నేనూ అప్పుడే చూస్తున్నాను.

రాజలింగం వరండాలో కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. బతిమాలడం నాకు రాదు. కౌంటరు వెనక దాని అవసరం రాలేదు. ఆయన ముందు స్టూలు లాక్కుని, కాగితం పరిచి, రీలు విప్పడం మొదలుపెట్టాను. ఒక్కో బిళ్ళ తీసి వరసగా పెట్టాను. కాసేపటికి ఆయన ఎడమ చెయ్యి వచ్చింది. ఒక బిళ్ళను తీసి వేలితో రాసి చూశాడు.

"బ్రేకు… లైనింగు."

"అవును. మీ ఇంజనుకూ ఉండేదా?"

"ఉండేది." బిళ్ళను వెలుతురుకు పట్టి చూశాడు. "తొట్లు… పైకి గుంజుడు… ఎవనికైన వస్తది. కిందికి… ఇడుసుడు… అండ్లనే ఉన్నది పని."

"బొచ్చె కూడా అంతే."

ఆయన నావైపు చూశాడు. "మరి వానికి… ఎవడు జెప్తడు?"

"వాడు రాడు" అంది సుగుణమ్మ, గడప దగ్గర నుంచి. "ఈసారి వానికి చెప్పనే చెప్ప."

కొత్త బిళ్ళలు ఆయనే ఒక్కొక్కటి వేశాడు. మర మాత్రం నేను పట్టుకున్నాను. వేలితో దారం లాగుతూ ఎంత వదులు కావాలో ఆయనే చూసుకున్నాడు. దానికి చాలాసేపు పట్టింది. నేను సాయం చేయకుండా కూర్చున్నాను. ఇదే ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని. దీనికి ఏ డిగ్రీ లేదు.

చెరువు మీద

తర్వాతి మంగళవారం పొద్దున మేం ముగ్గురమే వెళ్ళాం. మత్స్య సంఘం మనిషిని అడిగి, ఆయన చూపించిన చోట కుర్చీ వేశాం. పైపు ముక్కను కుర్చీ ముందుకాలికి రెండు క్లిప్పులతో బిగించాను. సుగుణమ్మ తవుడు ముద్ద పిసికింది. ఆయన గాలాలకు అద్దాడు, రాడ్డు ఎత్తాడు, విసిరాడు. ఒకసారి దగ్గర్లోనే పడింది. చుట్టుకుని మళ్ళీ విసిరాడు. రాడ్డును పైపులో దించి, వెనక మీట వేసి, వెనక్కి ఆనుకున్నాడు.

అవతలి గట్టున గేదెలు దిగాయి. సుగుణమ్మ మధ్యలో ఒకసారి చాయ్ పోసి, గ్లాసు ఆయన నోటిదాకా తీసుకుపోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆపి, చేతికిచ్చింది.

చాయ్ సగంలో ఉండగా రీలు మోగింది. ముందు రెండు టకటకలు, తర్వాత ఆగకుండా. దారం నీటిని కోసుకుంటూ నడిమికి పోతోంది. ఆయన గ్లాసు కింద పెట్టాడు. తొందరేం లేదన్నట్టే పెట్టాడు. పిడి మీద చెయ్యి వేసి ఒక్క తిప్పు తిప్పాడు. రాడ్డు వంగింది. కుర్చీ కాస్త ముందుకు జరిగింది. నేను కుర్చీ వెనక పట్టుకున్నాను. దానికి నాకు అనుమతి ఉందనే అనుకున్నాను.

చేప లాగింది, బ్రేకు జారింది. ఆయన పిడి మీంచి చెయ్యి తీసేసి ఊరికే చూశాడు. ఆగింది. నాలుగు చుట్లు చుట్టాడు. మళ్ళీ లాగింది, మళ్ళీ వదిలాడు. ఇలా ఎంతసేపో. ఒకచోట అది ఏ మోడుకో అడ్డం పడి కదలకుండా ఉండిపోయింది. దారం బిగుసుకుంది. సుగుణమ్మ చెయ్యి రాడ్డు వైపు వచ్చింది. ఆయన ఆమెవైపు చూశాడు. ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, నా పక్కకు వచ్చి నిలబడింది.

"ఏం జేస్తుండు?" అంది మెల్లగా.

"వదిలేస్తున్నాడు" అన్నాను.

ఆయన వెనక మీట వేశాడు. దారం పూర్తిగా వదులైంది. నేనైతే అంత ధైర్యం చేసేవాణ్ణి కాదు. గాలం ఊడి పోవచ్చు. కాసేపు ఏమీ లేదు. ఆ కాసేపట్లో సుగుణమ్మ ఊపిరి నాకు వినిపించింది. తర్వాత ఒక్క టక. ఇంకొకటి. చేప తనంతట తనే బయటికి వచ్చింది. ఆయన పిడి తిప్పాడు.

ఒడ్డుకొచ్చేసరికి అది అలిసిపోయింది. ఆయన ముఖం మీద కూడా చెమట. సుగుణమ్మ చేతి వల నీళ్ళలో పెట్టింది. ఎప్పుడెత్తాలో ఆయనే చెప్పాడు. "ఇప్పుడు" అన్నాడు. ఎత్తింది. మరీ పెద్దది కాదు. మార్కెట్లో కొన్నదాంతో పోలిస్తే సగం ఉంటుంది. పెదవి చెక్కుచెదరలేదు. గాలం ఆయనే తీశాడు, చేపను మోకాళ్ళ మధ్య నొక్కిపట్టి. చొక్కా అంతా జిగురైంది.

చాలాసేపు చేపను చూశాడు. తర్వాత భార్యతో అన్నాడు.

"మీ తమ్మునికి… ఫోను జెయ్యి."

"ఏమని?"

"కూరకు రమ్మను."

ఆమె ఫోను తీసి స్పీకరు పెట్టింది. అవతల ట్రాక్టరు చప్పుడు.

"ఒరేయ్, మీ బావ బొచ్చె పట్టిండురా. పొద్దుగూకినంక కూరకు రా."

"ఏ మార్కెట్లనే?"

"చెరువుల. ఒక్కడే పట్టిండు. నేను ముట్టలె, ఈ సారు ముట్టలె."

అవతల ట్రాక్టరు ఆగిపోయింది. శ్రీశైలం దిగిన చప్పుడైంది.

"వస్తున్నక్కా. ఇప్పుడే వస్తున్న. తలకాయ నాకు దీసిపెట్టు."

సుగుణమ్మ నవ్వుతూ సరే అనబోయింది. రాజలింగం ఎడమ చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు. నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"తలకాయ… పట్టినోనిది" అన్నాడు. "నీకు… తోక."